దించు అందా, దంచు అందా

కూర్చో. గుమ్మంలో అలా ఒంటికాలి మీద నిలబడితే నాకు మాట రాదు. ఆ కుర్చీ ఇటు లాక్కుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా విను. నేను అన్నది అన్నట్టే టైపు చెయ్యి. మధ్యలో నీ సొంత తెలివి కలపకు.

మొన్న నువ్వు ఎవరితోనో అంటుంటే విన్నాను. "మా నానమ్మకి సెకండ్ పార్ట్ నచ్చలేదు, పాతవాళ్ళకి పాతదే నచ్చుతుంది కదా" అని. పాతదాంట్లో తప్పులు లేవని ఎవరన్నారే అమ్మడూ? హీరో విగ్గు పక్కకి జరిగిపోయిన సీనుంది. వానలో తడిసినవాడు గుమ్మం దాటేసరికి పొడిగా ఉన్న సీనుంది. నాకన్నీ గుర్తే. నా గొడవ అది కాదు. ఆ మొదటి సినిమా పక్క వాటా వదినని బతికించింది. రెండోది ఆమె మనవరాలిని ముంచబోయింది. ఎలాగో చెబుతాను.

వదిన అంటే నీకు తెలుసుగానీ చదివేవాళ్ళకి తెలియదు కదా. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చి నాంపల్లిలో కాపురం పెట్టేనాటికి నేను చంకలో పిల్లని. పెళ్ళయ్యాక కూడా ఈ సందు వదల్లేదు. వదినా వాళ్ళది తాతల నాటి నుంచీ ఇక్కడే. ఆమె మొగుడు బట్టల దుకాణంలో గుమాస్తా. చుట్టరికం ఏమీ లేదు. ఆమె నన్ను "వదినె" అంటుంది, నేను ఆమెని "వదినా" అంటాను, అంతే. రెండు వాటాలకీ మధ్య గోడ ఒకటే. ఆయన కొట్టిన ప్రతి దెబ్బా మా వంటింట్లోకి వినిపించేది. గిన్నె పడ్డ చప్పుడు వేరు, మనిషి పడ్డ చప్పుడు వేరు. పెళ్ళయిన కొత్తలోనే నాకు ఆ తేడా తెలిసిపోయింది. తెల్లారి పంపు దగ్గర కనిపిస్తే పెదవి వాచి ఉండేది. నేను అడిగేదాన్ని కాదు, ఆమె చెప్పేది కాదు. నీళ్ళు పట్టుకుని ఎవరి బిందె వాళ్ళం ఎత్తుకునేవాళ్ళం.

అప్పుడు వచ్చింది ఆ సినిమా. మీ నాన్న అప్పటికి చిన్న బడికి వెళుతున్నాడు. అబిడ్స్‌లో మా హాల్లోనే ఆడింది. మా హాలంటే మాదేం కాదు, నడిచి వెళ్ళగలం కాబట్టి మాది. స్టేషను ముందు సూట్‌కేసుల దుకాణాలు దాటుకుంటూ వెళితే చాలు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళకి వేరే లైను, వేరే కౌంటరు. మగవాళ్ళ లైను రోడ్డు మీదికి పొర్లేది. పోలీసులు లాఠీలతో దాన్ని మళ్ళీ సన్నగా చేసేవాళ్ళు. అందుకని ప్రతి మగవాడూ ఇంట్లో ఆడమనిషిని ముందుకి తోసేవాడు. ఎవరూ లేనివాడు దారినపోయే ఆవిణ్ణి పట్టుకుని "అక్కా, నాక్కూడా రెండు" అని బతిమాలేవాడు. ఆడవాళ్ళ లైను చిన్నదే. చిన్నదని శాంతంగా ఉండేదనుకోకు. రెండువైపులా ఇనప గొట్టాలు, నెత్తిన ఇనప వల, కోళ్ళగూడు లాంటి సందు. ఒకసారి లోపలికి వెళితే వెనక్కి రావడం కుదరదు. చివర గోడలో ఒక కన్నం, ఒక్క చెయ్యి పట్టేంత. అందులో నాలుగు చేతులు దూరేవి. గాజులన్నీ అక్కడే పగిలేవి.

ఆవేళ వెనకనున్న ఒకావిడ నా జడ పట్టుకుని గుంజింది. నేను మోచేత్తో ఆవిడ పక్కటెముకల్లో పొడిచాను. వదిన ఎప్పుడూ పళ్ళమధ్య పిన్నీసు కరుచుకుని వచ్చేది, తోసినవాళ్ళకి గుచ్చడానికి. ఆవేళ ఎంతమందికి గుచ్చిందో. కన్నంలోంచి నా చెయ్యి బయటికి తీసేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా నెత్తురు. టిక్కెట్లు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గేటు దగ్గరవాడు వాటిని పట్టుకోవడానికి జంకాడు. వదిన వాడితో, "ఏంది సూస్తున్నవ్? చింపు. నెత్తురంటితే టిక్కెట్టు కాకుంట పోతదా?" అంది. చింపాడు.

కథ పెద్దదేం కాదు. హీరోకి ఒక అక్క. తల్లి పోతే వాణ్ణి ఆమే పెంచింది. ఆమె మొగుడికి బయట దండలూ దణ్ణాలూ. ఇంట్లోకి వస్తే బెల్టు తీస్తాడు. ఇంటర్వెల్‌కి ముందు సీను. హీరో అప్పటికి జైల్లో ఉన్నాడు, ఇది గుర్తుపెట్టుకో. మొగుడు ఆమెని బెల్టుతో కొట్టి కొట్టి తోస్తే, ఆమె వెళ్ళి రోటి పక్కన పడింది. పెదవి చిట్లింది. లేచింది. లేచేటప్పుడు చేతిలో రోకలిబండ ఉంది. వాడు మళ్ళీ చెయ్యెత్తాడు. తెర నిండా ఆమె మొహం, ఆ నోరు. ఒక్క మాట అంది. ఆ తర్వాత రోకలి కిందికి దిగింది. రోటి అంచు మీద వాడి చెయ్యి విరిగిన చప్పుడు, పచ్చి కట్టె విరిచినట్టు. హాల్లో మగవాళ్ళంతా ఎవరి మణికట్టు వాళ్ళు పట్టుకున్నారు, నేను చూశాను.

ఆ ఒక్క మాట ఉంది చూశావూ, అది ఎవరికీ సరిగ్గా వినపడలేదు. నేల టిక్కెట్టువాళ్ళు ముందే విజిళ్ళు మొదలుపెట్టారు. నాకు "దించు" అని వినపడింది. చెయ్యి దించు, దించకపోతే చూడు అని చెబుతోందనుకున్నాను. వదినకి "దంచు" అని వినపడింది. తనకి తనే చెప్పుకుంటోంది, దంచు అని.

దారి పొడుగునా తగువే.

"చెయ్యి దించమని చెప్పింది వదినా, ఒక అవకాశం ఇచ్చింది."

"ఏం అవకాశం వదినె? రోకలిబండ పట్టుకొని దించమంటరా ఎవరన్న? దంచమంటరు!"

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను పిండి కలుపుతున్నాను. గోడ అవతల మనిషి పడ్డ చప్పుడు. మళ్ళీ పడ్డ చప్పుడు. ఆ తర్వాత వదిన గొంతు, ఎప్పుడూ వినని గొంతు. "దంచూ!" అని అరిచింది. అరిచాక ఒక చప్పుడు. అది గిన్నెదీ కాదు, మనిషిదీ కాదు.

పిండి చేతులతోనే పరిగెత్తాను. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి ఖాళీ చొక్కా చెయ్యిలా వేలాడుతోంది. వదిన నుదురు పగిలి కంట్లోకి కారుతోంది. అయినా రోకలి మళ్ళీ ఎత్తింది. నేను వెనక నుంచి రోకలి పట్టుకున్నాను.

"వదులు వదినా, చచ్చిపోతాడు!"

"రెండోది గూడ అయిపోని వదినె. గా రెండో చెయ్యి ఎందుకు మిగలాలె?"

వదల్లేదు నేను. ఇద్దరం కలిసి ఆయన్ని రిక్షాలో మధ్యన కూర్చోబెట్టుకుని సర్కారు దవాఖానకి తీసుకెళ్ళాం. డాక్టరు అడిగితే ఆయన, "బండి మీదికెల్లి పడ్డ" అన్నాడు. వదిన పక్కనే నిలబడి, "ఔ, పడ్డడు. మళ్ళ పడొద్దని జర గట్టిగ చెప్పున్రి డాక్టర్ సాబ్" అంది.

మళ్ళీ ఆయన చెయ్యెత్తలేదు. ఎత్తడానికి అది సరిగ్గా అతకనూ లేదు. కట్టు ఉన్నన్నాళ్ళూ వదినే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. మొన్నమొన్నటిదాకా బతికాడు, షుగరు వచ్చి పోయాడు.

మా ఇద్దరికీ మాత్రం ఆ తగువు తీరలేదు. బియ్యం ఏరుకుంటూ అదే, మిరపకాయల తొడిమలు తీస్తూ అదే. ఒకసారి నేను అనేశాను, "నువ్వు సరిగ్గా విని ఉంటే దించమని ఒక్కసారి చెప్పేదానివి. ఆయన చెయ్యి మిగిలేది" అని. వదిన చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. "గది మిగిల్తే, నేను మిగుల్తుంటినా?" అంది. నేను మళ్ళీ బియ్యం ఏరుకున్నాను. ఆ మధ్య నువ్వు ఫోనులో వెతికి పెట్టావు కదా పాత సినిమా, అందులోనూ సరిగ్గా అక్కడే గరగర. ఇద్దరం చెవులానించి విన్నాం. ఆమెకి దంచే వినపడింది, నాకు దించే వినపడింది.

ఇక ఆ పిల్ల సంగతి. వదిన కొడుకు కూతురు. నీకంటే నాలుగైదేళ్ళు పెద్దది. చిన్నప్పటి నుంచీ నన్ను అమ్మమ్మా అనే పిలుస్తుంది. కాచిగూడ వైపు ఇచ్చారు. అబ్బాయి కార్ల షోరూములో పనిచేస్తాడు. మాట తేనె. "నానమ్మా, మీరెట్లంటె అట్లనే" అంటాడు. వచ్చిన ప్రతిసారీ వంగి కాళ్ళకి దణ్ణం. ఆ దణ్ణాలు చూసి నాకెప్పుడూ అనుమానమే. ఎండాకాలంలో కూడా ఆ పిల్ల మణికట్టు దాకా చేతులున్న డ్రెస్సులు వేసుకునేది.

ఒక ఆదివారం వదిన దానికి తలకి నూనె రాస్తోంది. రాస్తూ రాస్తూ చెయ్యి ఆపేసింది. నన్ను కళ్ళతో పిలిచింది. చెవి వెనక, మెడ మీద, అరచేతి మందాన జుట్టు లేదు. చర్మం ఎర్రగా, చెమ్మగా ఉంది. గుప్పిట పట్టి పీకితేనే అలా వస్తుంది.

"ఏందే ఇది?"

"దువ్వెనకు ఊడొచ్చింది నానమ్మా."

"దువ్వెనకు చేతివేళ్ళుంటయా? నా కండ్లల్ల సూశి చెప్పు. కొడుతుండా?"

"ఏం లేదు, వదిలెయ్ నానమ్మా. కోపం జర ఎక్కువ గంతే."

వదిన తన కథ చెప్పింది. అది వినని పిల్ల కాదు, ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. లేచి తువ్వాలు చుట్టుకుంటూ అంది కదా, "తాత చెయ్యి రోకలిబండతోని ఇరగ్గొట్టిన, గామెను సూశి నేర్చుకున్న అని చెప్తవ్. గదంత సిన్మా ముచ్చట నానమ్మా. నీ టైము వేరే."

దాని తండ్రికి చెబితే, సర్దుకోమని చెప్పి దిగబెట్టొచ్చాడు. దిగబెట్టిన వారానికి మళ్ళీ చెయ్యి వాచింది. వదినకి అన్నం సయించలేదు. రోజూ నా దగ్గరికొచ్చి ఒకటే మాట. "గీ పిల్ల చచ్చిపోతది వదినె. నా మాట ఇనదు, అయ్య పట్టించుకోడు. ఎవలు చెప్తే ఇంటదో ఎరుకైతలేదు."

సరిగ్గా అప్పుడే ఊరంతా పోస్టర్లు. ఆ సినిమాకే రెండో భాగం. అదే హీరో, తెల్లగడ్డం పెట్టుకుని. అక్క వేషం వేసినావిడ కూడా ఉందని, ఆ రోకలి సీను మళ్ళీ కొత్తగా తీసి చూపిస్తున్నారని టీవీల్లో ఒకటే గోల. వదిన మొహం వెలిగిపోయింది. "నేను చెప్తే ఇనంది, సిన్మా చెప్తే ఇంటది. పెద్ద తెర మీద, గామె నోటి నుంచి, గా మాట ఇననీ ఒక్కసారి. దాని మొగుడు గూడ పక్కనే కూసొని సూడాలె" అంది. ఒక్కదాన్నే వాడు పంపడు. అందుకని ఇద్దరినీ పిలిచింది. నువ్వే కదా టిక్కెట్లు బుక్ చేశావు. పరీక్షలని నువ్వు రాలేదు. ఆదివారం మ్యాటినీ.

లైను లేదు, తోపులాట లేదు. వాచ్‌మన్ నువ్వు పంపిన టిక్కెట్టు ఫొటో చూసి లోపలికి పొమ్మన్నాడు. మా కోళ్ళగూడు పీకేసి అక్కడ బైకులు పెడుతున్నారు. నేను, నా పక్కన వదిన, ఆమె పక్కన పిల్ల, చివర దాని మొగుడు. "నానమ్మా, కూల్‌డ్రింక్ తేనా? అమ్మమ్మా, ఏసీ చల్లగున్నదా?" అని వాడి మర్యాదలు.

మొదలవడమే తలలు తెగాయి. ఓడరేవులో ఇనప డబ్బా తలుపు తీస్తే లోపలంతా శవాలు. హీరో ఒక గొలుసు తిప్పితే వరసగా మనుషులు రెండు ముక్కలవుతున్నారు. కాసేపటికి చచ్చినవాళ్ళని లెక్కపెట్టడం మానేశాను. అంత నెత్తుటిలో ఒక్కడికి నొప్పి లేదు, ఒక్కడు అమ్మా అనలేదు. మొదటి సినిమాలో ఒక్క చెయ్యి విరిగితే హాలు మూలిగింది. ఇక్కడ ఊరు ఊరే తెగి పడుతుంటే మా ముందు వరసవాళ్ళు పాప్‌కార్న్‌లో కారం తక్కువైందని పోట్లాడుకుంటున్నారు. నన్ను తేడా చెప్పమంటే ఇదే చెబుతాను. ఆ దర్శకుడికి దెబ్బ అంటే ఏమిటో తెలుసు. ఈయనకి చప్పుడు తెలుసు.

ఇంటర్వెల్ అయ్యాక వచ్చింది ఆ సీను. పసుపు రంగు వేసి పాత కాలం అన్నారు. హీరో మొహాన్ని కంప్యూటర్‌లో నున్నగా చేశారు, ఇస్త్రీ చేసినట్టు. అదే ఇల్లు, అదే రోలు. హాలంతా ఫోన్లు పైకెత్తింది. వదిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు సూడు, ఇప్పుడు సూడు" అంటోంది. బెల్టు. బెల్టు. అక్క రోటి పక్కన పడింది. రోకలి దొర్లింది. ఆమె చేతికి రాకుండా దొర్లుతూ, దొర్లుతూ గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఒక బూటు దాన్ని ఆపింది.

హీరో బూటు.

జైల్లో ఉన్నవాడు గుమ్మంలోకి ఎలా వచ్చాడు? ఎవడూ అడగలేదు. కాలితో రోకలిని పైకెగరేసి పట్టుకున్నాడు. ఒక్క మాట కాదు, ఒక పేజీ మాట్లాడాడు. కొడితే ఆ మొగుడు మూడు గోడలు పగలగొట్టుకుని వీధిలో పడ్డాడు. అక్క మూల కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి, "తమ్ముడూ, నువ్వు రాకపోతే నేనేమైపోదును" అంది. విజిళ్ళు, కాగితాలు, ఎగిరి గంతులు.

ఆ గోలలో పిల్ల మొగుడు దాని చెవి దగ్గరికి వంగాడు. వదినకీ నాకూ వినపడేలాగే అన్నాడు. "సూశినవా? కొట్టింది హీరో. మీ నానమ్మ గిన్ని రోజులు ఉత్తగనే కథలు చెప్పింది." నవ్వుతూ దాని మెడ వెనక, సరిగ్గా జుట్టు లేని చోట చెయ్యి వేసి నిమిరాడు. ఆ పిల్ల తెర వైపే చూస్తోంది. వదిన చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

వదిన లేచి నిలబడింది. "అబద్ధం!" అని అరిచింది. "గామె కొట్టింది! గాడు జైల్ల ఉండె! నేను సూశిన, గీ హాల్లనే సూశిన! అబద్ధం చూపిస్తున్నరు!"

"ఏయ్ అవ్వా, కూసో!"

"నువ్వు కూసో! మీ అయ్యలకు మూతి మీద మీసం రాకముందు సూశిన్రా నేను!"

వెనక నుంచి నీళ్ళ సీసా వచ్చి ఆమె భుజానికి తగిలింది. వదిన దాన్ని తీసి, వచ్చినవైపే విసిరింది. ఎవడి ముక్కుకో తగిలింది. ఒకడు సీటు మీంచి దూకి ఆమె కొంగు పట్టుకుని గుంజాడు. నా చేతిలో స్టీలు సీసా ఉంది. వాడి వేళ్ళ మీద కొట్టాను, కొంగు వదిలాడు. వెనక వరసలో తెల్లజుట్టు ఆయనెవరో లేచి, "అమ్మా, మీరు చెప్పింది కరెక్టే, అక్కే కొట్టింది" అన్నాడు. అన్నంతసేపు పట్టలేదు, ఆయన దవడ మీద గుద్దు పడింది. ఆయన కొడుకులు లేచారు. ఇంక ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. తెర మీద ఎర్రగా ఉంటే అందరి మొహాలూ ఎర్రగా కనిపించాయి. ఎవడిదో చెప్పు వచ్చి నా చెంపకి తగిలింది. హాలువాళ్ళు వచ్చి మమ్మల్ని నలుగురినీ పక్క తలుపులోంచి బయటికి తోసేశారు.

ఎండ. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎదురుగా బైకుల వరసలు.

"నా ఇజ్జత్ తీసిన్రు," అన్నాడు వాడు. నానమ్మా లేదు, మీరు లేదు. "ఎక్కు" అన్నాడు పిల్లతో. అది కదల్లేదు. వాడు అటూ ఇటూ చూసి, చూసేవాళ్ళకి ఒక నవ్వు నవ్వి, దాని జుట్టు మెడ దగ్గర గుప్పిట పట్టుకున్నాడు. ఆ పిల్ల అలవాటున్నట్టు తల వాడివైపు వంచింది, అంతే.

వదిన వెళ్ళి వాడి చొక్కా పట్టుకుంది. వాడు చూడను కూడా లేదు, మోచేత్తో ఒక్క తోపు తోశాడు. డెబ్బై దాటిన మనిషి. ఒక బండి ఫుట్‌రెస్టు మీద వెళ్ళి పడింది. చెయ్యి ఒంటికింద నలిగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. నుదురు నుంచి నెత్తురు కళ్ళలోకి.

పిల్ల చూసింది. వాడి హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది. దాన్ని అందుకుంది. దించూ అనలేదు, దంచూ అనలేదు. మొదటిది చెవి మీద పడింది. వాడు జుట్టు వదిలేశాడు. రెండోది నోటి మీద. వాడు వెనక్కి పడితే ఒక బండి, దాని మీద ఇంకో బండి, వరసంతా పడింది. ఆ పిల్ల వాడి ఛాతీ మీద కూర్చుంది. వాడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చేతుల మీదే కొట్టింది. "వద్దు, వద్దు" అన్నాడు. కొట్టింది. జనం చేరారు. అందరి చేతుల్లో ఫోన్లు. ఒకడు విజిల్ వేశాడు.

విజిల్ వేశాడే! ఆ పిల్ల అక్కడ మనిషిని చంపుతోంది, వాడు విజిల్ వేశాడు. నేను వెళ్ళి వాడి చెంప పగలగొట్టాను. ఆ తర్వాత ఆ పిల్లని వెనక నుంచి పట్టుకున్నాను. "చాలు తల్లీ, చాలు" అంటున్నాను. చేతులు ఇనుములా ఉన్నాయి. పార్కింగ్ మనిషి వచ్చి ఇంకో చెయ్యి పట్టుకుంటేగానీ ఆగలేదు. ఆగి, గోడ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది.

పోలీసు ఠాణాలో ఆడ కానిస్టేబుల్, "మొదలు ఎవలు కొట్టిన్రు?" అని అడిగింది. వాడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. ముందు పన్ను సగం లేదు. పిల్ల చున్నీ తీసి, తల వంచి, చెవి వెనక చూపించింది. ఆ కానిస్టేబుల్ చూసి, వాడికిచ్చిన కుర్చీలోంచి వాణ్ణి లెమ్మంది.

వదినకి చేతికి ప్లాస్టరు, నుదుటికి కుట్లు. పిల్ల అప్పటి నుంచీ ఇక్కడే. వదిన వాటాలో వంట చేసే చెయ్యి లేదు కాబట్టి రెండిళ్ళకీ కలిపి ఇక్కడే వండుతోంది.

నువ్వు దాన్ని హీరోయిన్ అన్నావు. ఆ మాట దాని ముందు అనకు. పోపు వేస్తుంటే దాని కుడిచెయ్యి వణుకుతుంది, చూశావా? మొన్న నన్ను అడిగింది, "అమ్మమ్మా, నువ్వు పట్టుకోకుంటే నేను ఆపుతుంటినా?" అని. అప్పుడనిపించింది, మా మొదటి సినిమా మాత్రం ఏం చెప్పిందని? రోకలి దిగగానే ఇంటర్వెల్ అని వేసేశారు. ఇంటర్వెల్ అయ్యాక పాట. విరిగిన చేతివాడికి అన్నం కలిపి పెట్టిన రోజులు ఎవరూ తియ్యలేదు. కొట్టినామె చెయ్యి ఎన్నాళ్ళు వణికిందో ఎవరూ చూపించలేదు. వదినకి కూడా వణికింది, నేను చూశాను. అయినా సరే, మొదటిదే గొప్పదంటాను నేను. అందులో కనీసం రోకలి పట్టుకున్న చెయ్యి ఎవరిదో మార్చలేదు.

పోయిన ఆదివారం వాళ్ళవైపు పెద్దమనుషులు వచ్చారు. నువ్వు కాలేజీ పని మీద వెళ్ళావు. వాడి మేనమామ, ఇంకో ఇద్దరు. వాడి తల్లి కూడా వచ్చింది. "పిల్లగాడు సారీ చెప్తడు. పిల్ల గూడ పన్ను ఇరగ్గొట్టినందుకు సారీ చెప్తే, ఇద్దరికి సరిపాయె. బట్టలు సర్దుకోమనున్రి" అన్నారు. పిల్ల తండ్రి తల వంచుకున్నాడు. సరేనంటాడని నాకు భయం. వదిన నోరు తెరవబోయింది. నేను ఆమె మోకాలు నొక్కాను. ఈ జవాబు ఆ పిల్లదే కావాలి.

అది వంటింట్లోంచి వచ్చింది. చేతికి పసుపు అంటి ఉంది. గొంతు పెద్దగా లేదు. "పన్ను నేను పెట్టిపిస్త. మంచి డాక్టరుకు చూపించి పెట్టిపిస్త. నేనైతే రాను" అంది.

"రానంటె? ఎన్ని రోజులు రావు?" అన్నాడు మేనమామ.

"రాను," అంది మళ్ళీ.

ఆ మేనమామ మొహం చూడాలి నువ్వు. చేతిలో చాయ్ కప్పు అలాగే ఉండిపోయింది. పిల్ల తండ్రి అప్పుడు తల ఎత్తాడు. ఇక వదిన ఏం చేసిందంటే, ఆ ప్లాస్టరు చెయ్యి గుండెకి ఆనించుకుని లేచి, వాడి తల్లి ముందుకి వెళ్ళి…

"అమ్మమ్మా! అన్నం పెట్టిన, నానమ్మ గూడ కూసున్నది, రా!"

వస్తున్నానే తల్లీ! ఆ పిల్లే పిలుస్తోంది. ఉండు, ఇది ఒక్కటి చెప్పేసి లేస్తాను. వదిన వెళ్ళి వాడి తల్లి ముందు నిలబడి, ఆవిడ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఇటు చూడు అని తన నుదుటి కుట్లు చూపించి, "గీ కుట్లకు ఎవలు సారీ చెప్తరు?" అంది.